నోరూరించే పని వెనక: మీ ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఫుడ్ మార్కెటింగ్ ఏజెన్సీల గురించే. చేరదామనుకునేవాళ్లు, చేరి సతమతమవుతున్నవాళ్లు, బయట నుంచి చూసి అనుమానపడేవాళ్లు అందరూ రాశారు. చాలాకాలంగా ఇదే పనిలో ఉన్నదాన్ని కాబట్టి మొహమాటం లేకుండా చెప్తాను.

ప్రశ్న: మేడమ్, నేను అన్ని రకాల బ్రాండ్లూ చూసే యాడ్ ఏజెన్సీలో కాపీ రైటర్‌ని. ఫుడ్ బ్రాండ్లు మాత్రమే చూసే చోట ఆఫర్ వచ్చింది. పొద్దస్తమానం తిండి గురించే రాస్తే బోర్ కొట్టదా? కొన్నాళ్లకి మాటలన్నీ అయిపోతాయేమోనని భయంగా ఉంది.

జవాబు: తిండి గురించి రాస్తే మాటలు అయిపోవండీ, తినకుండా రాస్తేనే అయిపోతాయి. నోరూరించే, కమ్మని, అద్భుతమైన, ఒక్కసారి తింటే వదలరు... ఇలాంటివన్నీ నెల తిరక్కుండానే ఖాళీ అవుతాయి. పైగా అవి ఏ ప్యాకెట్ మీదైనా అతుక్కుంటాయి కాబట్టి ఏ ప్యాకెట్‌కీ పనికిరావు.

మంచి ఏజెన్సీలో కొత్త ప్రాజెక్ట్ వచ్చిన రోజు ఎవరూ ల్యాప్‌టాప్ తెరవరు. టేబుల్ మీద క్లయింట్ సరుకూ, పోటీ బ్రాండ్ల సరుకూ పేర్లు కనిపించకుండా పెట్టుకుని, రైటరూ ఆర్ట్ డైరెక్టరూ క్లయింట్లతో మాట్లాడే అకౌంట్స్ వాళ్లూ అందరూ కూర్చుని తింటారు. బిస్కెట్ అనుకోండి. కరకరలాడుతోంది అని రాసి ఊరుకోకూడదు. కొరికితే ఒక్క దెబ్బకి విరుగుతోందా, పొడిపొడిగా రాలుతోందా? పాలలో ముంచితే ఎంతసేపు నిలబడుతోంది? మింగాక నాలుక మీద మిగిలేది వెన్న రుచా, ఉత్త తీపా? రెండోది తీసుకోవడానికి చెయ్యి దానంతటదే వెళ్తోందా, ఎవరైనా ఇస్తే తింటున్నారా? ఇవన్నీ రాసుకుంటే అందులో ఎక్కడో ఒకచోట ఆ బిస్కెట్‌కి మాత్రమే చెందిన సంగతి దొరుకుతుంది, యాడ్ అక్కణ్నుంచి మొదలవుతుంది.

చెవిని కూడా మర్చిపోకండి. 2004లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చార్ల్స్ స్పెన్స్, మాసిమిలియానో జాంపిని ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. మనుషులకి హెడ్‌ఫోన్స్ పెట్టి ఆలూ చిప్స్ కొరకమని, ఆ కొరికిన శబ్దాన్నే మార్చి వాళ్లకి వినిపించారు. శబ్దం పెంచినప్పుడు, ముఖ్యంగా అందులోని కీచు శబ్దాలు (హై ఫ్రీక్వెన్సీవి) పెంచినప్పుడు, అదే రకం చిప్స్ మరింత కరకరలాడుతున్నట్టు, తాజాగా ఉన్నట్టు అనిపించిందన్నారు. ఆ మాట తెలిశాక ఏ సౌండ్ ఇంజనీరూ చిప్స్ యాడ్‌కి లైబ్రరీలోంచి ఏదో ఒక శబ్దం తెచ్చి అతికించడు, సరుకునే మైక్ ముందు విరిచి రికార్డ్ చేస్తాడు.

ఇక తినేవాడి వైపు నుంచి చూడటం ఇంకో పెద్ద ఊట. 1993లో అమెరికాలో పాలు శుద్ధి చేసి అమ్మే కంపెనీల సంఘమైన కాలిఫోర్నియా మిల్క్ ప్రాసెసర్ బోర్డు కోసం ‘గాట్ మిల్క్’ (పాలున్నాయా) అనే ప్రచారం వచ్చింది. అంతకుముందు పాల యాడ్లన్నీ ఆరోగ్యం, ఎముకలు, ఎదుగుదల అంటూ తిరిగేవి. ఈ ప్రచారం తయారుచేసిన ఏజెన్సీ వాళ్లు కొంతమందిని ఓ వారం పాటు పాలు లేకుండా గడపమని, ఎలా ఉందో వచ్చి చెప్పమన్నారు. పాల విలువ అవి అయిపోయినప్పుడే తెలుస్తుందని ఆ మాటల్లో బయటపడింది, ప్రచారం మొత్తం దాని మీదే నిలబడింది. పాల గురించి కొత్తగా చెప్పడానికేముంది అని అప్పుడు కూడా ఎవరో ఒకరు అనే ఉంటారు కదా.

పని రకాలు కూడా మీరు అనుకుంటున్నదానికంటే చాలా ఎక్కువ. ఇవాళ ప్యాకెట్ వెనక నాలుగు లైన్లు, రేపు రెసిపీ వీడియో స్క్రిప్ట్, ఎల్లుండి డిస్ట్రిబ్యూటర్లకి చూపించే ప్రెజెంటేషన్, ఆ తర్వాత సూపర్‌మార్కెట్ అరలో వేలాడే చిన్న అట్టముక్క. నాకైతే ఆ అట్టముక్క రాయడమే అన్నిటికంటే ఇష్టం, ఎందుకంటే ట్రాలీ తోసుకుంటూ వెళ్లే మనిషి దానికిచ్చే టైమ్ రెండు సెకన్లు. చేరండి.

ప్రశ్న: షూటింగుల్లో ఐస్‌క్రీమ్ బదులు ఉడికించి మెదిపిన బంగాళాదుంప, పాల బదులు తెల్ల జిగురు, తేనె బదులు ఇంజన్ ఆయిల్ వాడతారని విన్నాను. ఇది జనాన్ని మోసం చేయడం కాదా?

జవాబు: ఆ ట్రిక్కులన్నీ నిజంగా ఉన్నవే, ఒకప్పుడు బాగా నడిచాయి. ఇప్పుడు బాధ్యత ఉన్న టీమ్‌లు పాటించే గీత ఒకటుంది: అమ్ముతున్నది ఏదైతే అది అసలుదే అయ్యుండాలి. ఐస్‌క్రీమ్ యాడ్‌లో ఐస్‌క్రీమ్ అసలుది. చాక్లెట్ సాస్ యాడ్ అయితే సాస్ అసలుది, కింద ఉన్న ఐస్‌క్రీమ్ మాత్రం వనస్పతి, చక్కెర పొడి, కార్న్ సిరప్ కలిపి చేసిన ముద్ద కావచ్చు. కూల్‌డ్రింక్ గ్లాసులో తేలే ఐసు ముక్కలు చాలాసార్లు అక్రిలిక్‌వి, గ్లాసు బయట చెమట పట్టినట్టుండే చుక్కలు గ్లిజరిన్ కలిపిన నీళ్లు. అవి అమ్మే సరుకు కాదు కాబట్టి నాకు అభ్యంతరం లేదు.

ఈ గీత ఊరికే పడలేదు. 1960ల చివర్లో క్యాంప్‌బెల్ కంపెనీ సూప్ యాడ్లలో గిన్నె అడుగున గాజు గోళీలు వేశారు. దాంతో కూరగాయ ముక్కలు పైకి తేలి, సూప్‌లో ముక్కలు దండిగా ఉన్నట్టు కనిపించాయి. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దాన్ని పట్టుకుంది, అలా చూపించడం మానేస్తామన్న ఒప్పందంతో 1970లో ఆ కేసు తేలింది. సూప్ అసలుదే, ముక్కలూ అసలువే. అయినా కొనేవాడికి తప్పుడు లెక్క చెప్పింది కాబట్టి తప్పే. నేను కొత్తవాళ్లకి ఈ కేసే మొదట చెప్తాను, ఎందుకంటే మోసం ఎప్పుడూ నకిలీ వస్తువుతోనే జరగాలని లేదు.

అసలు ఐస్‌క్రీమ్‌తో షూట్ ఎలా సాగుతుందో చెప్తాను, అప్పుడు అందులో ఎంత కష్టం ఉందో తెలుస్తుంది. ముందు స్టాండ్-ఇన్ పెడతారు, అంటే అదే సైజు, అదే రంగు ఉన్న నకిలీ స్కూప్. దాని మీద లైటింగ్, ఫోకస్, గిన్నె కోణం, వెనకున్న గుడ్డ మడత దాకా అన్నీ సరిచూసుకుంటారు, దీనికే పూట గడిచిపోతుంది. ఇంతలో ఫుడ్ స్టైలిస్ట్ ఫ్రీజర్ దగ్గర నిలబడి, డ్రై ఐస్ పరిచిన ట్రేలో డజన్ల కొద్దీ స్కూపులు తీసి పేరుస్తుంటారు. స్కూప్ కింద అంచున చిరిగినట్టు ఉండే గరుకు వలయం ఉంటుంది చూశారా, కంటికి చల్లదనం తెలిసేది దానివల్లే. చేతితో తిప్పే ఒత్తిడి కాస్త ఎక్కువైతే అది నున్నగా అయిపోతుంది, తక్కువైతే ముద్ద విడిపోతుంది. బాగా కుదిరినవాటిలోంచి ఒకటి ఎంచి దానికి హీరో అని పేరు పెడతారు. అది సెట్ మీదికి వచ్చాక మాటలుండవు. స్టైలిస్ట్ సన్నటి బ్రష్‌తో ఒక మూల తడుముతారు, ట్వీజర్‌తో ఒక బాదం పలుకు పెడతారు, పక్కకి తప్పుకుంటారు, క్లిక్కులు పడతాయి. అంచు మెరవడం మొదలైన క్షణాన కొన్ని ఫ్రేములు బంగారంలా వస్తాయి, ఆ కాసేపు దాటితే కారిపోతుంది, ఇంకో హీరో రావాలి. బంగాళాదుంప ముద్ద పెట్టుకుంటే రోజంతా హాయిగా తీసుకోవచ్చు, కానీ ఆ మెరుపు దానికి రాదు. చట్టం సంగతి పక్కన పెట్టినా, అసలుది అందంగా ఉంటుంది కాబట్టే అసలుది వాడాలని నేనంటాను.

మరి యాడ్‌లో బర్గర్ లావుగా, చేతికొచ్చిన బర్గర్ అణిగిపోయి ఎందుకుంటుంది అని తర్వాతి ప్రశ్న వస్తుంది. 2012లో మెక్‌డొనాల్డ్స్ కెనడా ఈ ప్రశ్నకే ఒక వీడియోతో జవాబిచ్చింది. లోపలుండే పదార్థాలన్నిటినీ కెమెరా వైపు అంచుకి జరిపి పేరుస్తామని, పెట్టెలో పెట్టాక ఆవిరికి బన్ కాస్త కుంచించుకుపోతుందని దాచకుండా చూపించారు. ఇలా తలుపు తీసి చూపించే పని ఇంకా చాలా బ్రాండ్లు చేయాలి.

ప్రశ్న: మా టీమ్ ఇచ్చే ప్రతి మంచి ఐడియానీ క్లయింట్ నీరుగార్చేస్తున్నారు. చివరికి మిగిలేది పెద్ద లోగో, నవ్వుతున్న కుటుంబం. ఏం చేయాలి?

జవాబు: ముందు ఒకటి చూసుకోండి. మీ ఐడియాలో లోగో మార్చేసి పోటీ బ్రాండ్ పేరు పెడితే అది అలాగే నడుస్తుందా? నడుస్తుందంటే క్లయింట్ లోగో పెద్దది చేయమని అడగడంలో న్యాయం ఉంది, తన సరుకు అందులో లేదని ఆయనకి అర్థమైంది, ఎలా చెప్పాలో తెలియక అలా అంటున్నారు.

2020లో బర్గర్ కింగ్ తన వాపర్ బర్గర్‌కి బూజు పట్టడం చూపిస్తూ యాడ్ వేసింది, 34 రోజుల పాటు తీసిన చిత్రాలతో. తిండి యాడ్‌లో బూజు! ఏ క్లయింట్ ఒప్పుకుంటాడండీ? కృత్రిమ ప్రిజర్వేటివ్‌లు తీసేస్తున్నామని చెప్పడానికి అంతకంటే సూటి రుజువు లేదు కాబట్టి ఒప్పుకున్నారు. ప్రిజర్వేటివ్‌లు వాడే కంపెనీ ఆ యాడ్ వేయలేదు. అంత తెగువ ప్రతిసారీ అక్కర్లేదు గానీ, మీ ఐడియా ఆ సరుకు లోపలి నిజాన్ని పట్టుకుని ఉంటే మీరు వాదించాల్సిన పని సగం తగ్గుతుంది.

మిగతా సగం మర్యాదగా అడగడమే. ఇది మార్చండి అన్నప్పుడు మార్చేయకుండా, మీకు దేని గురించి టెన్షన్‌గా ఉంది సార్ అని అడగండి. సేల్స్ టీమ్ ఏమంటుందోనన్న భయమా, పైవాళ్లకి ఎలా చెప్పాలో తెలియకపోవడమా, రేటు పెరగబోతోందా? చాలాసార్లు అసలు బ్రీఫ్, అంటే క్లయింట్‌కి నిజంగా కావాల్సింది ఏమిటన్నది, అప్పుడే బయటికొస్తుంది. వీలైతే వాళ్ల ఫ్యాక్టరీకి వెళ్లండి. మీటింగ్ రూమ్‌లో ముక్తసరిగా మాట్లాడే మనిషి, అక్కడ తన మిషన్ పక్కన నిలబడి గంటసేపు చెప్తాడు.

ప్రశ్న: మా క్లయింట్‌ది మంచి పోషకాలున్న సరుకు. ఆరోగ్యం అని ఎంత చెప్పినా కదలడం లేదు.

జవాబు: ఆరోగ్యం అనగానే రుచి ఉండదని జనం అనుకుంటారు, అదే చిక్కు. 2017లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు తమ క్యాంటీన్‌లో ఒకే రకంగా వండిన కూరగాయలకి రోజుకో తీరు పేరు పెట్టి చూశారు. నోరూరించేలా వర్ణించిన రోజు, మామూలు పేరు పెట్టిన రోజుకంటే 25 శాతం ఎక్కువ మంది వాటిని వడ్డించుకున్నారు. ఆరోగ్యం మాట ఎత్తిన పేర్ల కంటే కూడా అవే బాగా నడిచాయి. కాబట్టి ముందు వైపు రుచి చెప్పండి, పోషకాలు వెనక వైపు స్పష్టంగా రాయండి. అయితే హద్దు దాటొద్దు. ఎక్కువ బరువున్న పదార్థం మొదట వచ్చేలా ప్యాకెట్ మీద జాబితా ఉండాలని కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణం చెప్తుంది, చాలా దేశాల్లో అదే పద్ధతి. ముందు వైపు తేనె బొమ్మ వేసి, వెనక జాబితాలో తేనె అట్టడుగున ఉంటే, చదివే అమ్మలు మిమ్మల్ని క్షమించరు, క్షమించకూడదు కూడా.

ప్రశ్న: నేను పూర్తి శాకాహారిని. ఏజెన్సీలో మాంసం బ్రాండ్ ఇస్తే ఎలా?

జవాబు: చేరేటప్పుడే చెప్పేయండి, ఎక్కువ చోట్ల సర్దుబాటు చేస్తారు. రుచి చూడలేని సరుకు గురించి రాయకపోవడం మీకూ మంచిదే, ఆ సరుకుకీ మంచిదే. ఎలర్జీలుంటే అది ఇంకా ముందు చెప్పాలి.

ప్రశ్న: ఏఐతో ఫుడ్ ఫొటోలు నిమిషాల్లో వస్తున్నాయి కదా, ఇక షూట్లు ఎందుకు?

జవాబు: షూట్‌కి ముందు స్టోరీబోర్డ్‌కి (యాడ్ ఎలా సాగుతుందో వరసగా చూపించే బొమ్మలకి), క్లయింట్‌కి మూడ్ చూపించడానికి నేనూ వాడతాను, దానివల్ల చాలా టైమ్ కలిసొస్తుంది. కానీ ఏఐ గీసిన కేక్‌ని ఏ ఓవెన్‌లోనూ ఎవరూ కాల్చలేదు. దాన్ని క్లయింట్ కేక్ అని ప్రచురిస్తే గోళీల సూప్ కంటే పెద్ద తప్పు అవుతుంది, ఆ పని అడిగితే కాదని చెప్పండి.

ప్రశ్న: ఈ ఏడాదే డిగ్రీ అయింది. ఏ క్లయింట్ పనీ చేయలేదు. పోర్ట్‌ఫోలియోలో ఏం పెట్టాలి?

జవాబు: పెద్ద బ్రాండ్ల యాడ్లు మళ్లీ చేసి పెట్టొద్దమ్మా, అందరూ అదే పంపుతారు. మీ వంటింట్లో రోజూ వాడే మామూలు సరుకు ఒకటి తీసుకోండి, ఎవరూ పట్టించుకోనిదైతే మరీ మంచిది, ఉప్పో ఓట్సో. దాన్ని ముట్టుకుని, వాసన చూసి, రకరకాలుగా వండి గమనించినవన్నీ ఒక పేజీ రాయండి. అందులోంచి ఒకే ఒక్క సంగతి ఎంచుకుని దాని మీద ఒక పోస్టర్, అర నిమిషం వీడియో, ప్యాకెట్ వెనక రాసే నాలుగు లైన్లు చేయండి. ఫొటోకి ఖరీదైన కెమెరా అక్కర్లేదు. కిటికీ పక్కన బల్ల వేసుకుని, వెలుగు వెనక నుంచో పక్క నుంచో పడేలా చూసుకుని, ముందు వైపు నీడ తగ్గడానికి తెల్ల అట్ట ఒకటి నిలబెట్టండి, ఫోన్‌తోనే మంచి ఫొటో వస్తుంది. ఫోన్ ఫ్లాష్ మాత్రం వేయొద్దు, తిండి మొహం పాలిపోతుంది.

ఇలాంటివి మూడు చాలు. వాటితో పాటు మీరు మొదట రాసుకున్న ఆ గమనింపుల పేజీ కూడా కొట్టివేతలతో సహా పెట్టండి. నేను ఇంటర్వ్యూ చేసేటప్పుడు పోస్టర్ కంటే ముందు ఆ పేజీయే చదువుతాను.