మాడిన గిన్నెకు ముందు లోహం చూడండి

ప్రశ్న: స్టీలు దబరలో సేమ్యా పాయసం అడుగంటింది. వంట సోడా, వెనిగర్ కలిపి పోస్తే బుసబుసా పొంగిందేగానీ మాడు కదల్లేదు. ఇనప పీచుతో తోమితే గీతలు పడ్డాయి. ఏం చేయాలి? – ఒక పాఠకురాలు, కావలి

జవాబు: సోడా, వెనిగర్ కలిస్తే ఒకదాని బలాన్ని ఇంకొకటి విరిచేస్తుందమ్మా. ఆ పొంగు వట్టి గ్యాసే, మిగిలే నీళ్లలో మాడును కదిలించే సత్తువ ఉండదు. రెండూ విడివిడిగా వాడండి. దబర పూర్తిగా చల్లారాక మాడు మునిగేదాకా చన్నీళ్లు పోసి, లీటరుకు రెండు పెద్ద చెంచాల వంట సోడా కలపండి. మరిగే నీళ్లలో వేస్తే ఒక్కసారిగా పొంగి స్టవ్ మీద పడుతుంది. సన్న సెగన పావుగంట మరిగించి, దించి రాత్రంతా వదిలేయండి. పొద్దున చెక్క గరిటతో అంచు నుంచి గోకితే మాడు పెచ్చులుగా లేస్తుంది. పాలు, చక్కెర కలిసిన మాడు మొండిది. ఒక విడతకు రాకపోతే ఆ నీళ్లు పారబోసి కొత్త సోడాతో మళ్లీ మరిగించండి, బలంగా మాత్రం రుద్దకండి. ఇనప పీచు గీతల్లో తర్వాతి వంట ఇంకా గట్టిగా అంటుకుంటుంది. పీచు తునకలు ఇరుక్కుంటే తుప్పు మచ్చలూ వస్తాయి. చివర్లో నీలం, పసుపు రంగు మరకలు మిగిలితే అది మాడు కాదు, వేడికి స్టీలు మీద ఏర్పడిన పొర. వెనిగర్ పని ఇక్కడ. లేదా నిమ్మచెక్కతో రుద్దినా పోతుంది.

ప్రశ్న: అల్యూమినియం అన్నం గిన్నెలో సోడా మరిగిస్తే మాడు పోయింది, లోపలంతా నల్లబడింది. గిన్నె పాడైనట్టేనా? – ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: పాడవలేదండీ. అల్యూమినియం మీద సహజంగా ఉండే పలచని పొరను సోడా తినేస్తుంది, నలుపు అందుకే. బట్టల సోడా అయితే ఇంకా ఎక్కువ తింటుంది. నిమ్మకాయంత చింతపండు లీటరు నీళ్లలో పిసికి, నలుపు మునిగేలా పోసి పది నిమిషాలు మరిగించండి. తెల్లబడగానే పారబోసి కడగండి. పులుపు నిలవుంటే గిన్నెకు గుంటలు పడతాయి. ఇకమీదట అల్యూమినియం మాడితే వేడినీళ్లు, గిన్నెలు తోమే సబ్బుతో నానబెట్టడమే మేలు.

కనిగిరి, పొదిలి వైపు వాళ్లూ తరచూ అడుగుతుంటారు: బోరు నీళ్లు కాచే గిన్నెలో తెల్లగా గట్టిపడేది మాడు కాదు, సున్నపు పొర. దానికి సోడా పనిచేయదు, ఈ చింతపండు నీళ్లే మందు.

ప్రశ్న: చేపల పులుసు వండే మట్టి చట్టి అడుగు మాడింది. సబ్బు పెట్టొచ్చా? – ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: పెట్టకండి. మట్టి సబ్బును పీల్చుకుంటుంది, ఆ వాసన తర్వాతి పులుసులో తేలుతుంది. వేడి చట్టిలో చన్నీళ్లు పోస్తే పగులుతుంది, ముందు చల్లారనివ్వండి. గోరువెచ్చని నీళ్లలో ఒక చెంచా వంట సోడా వేసి రెండు గంటలు నానబెట్టి, కొబ్బరి పీచుతో రుద్దండి. తర్వాత మంచినీళ్లు పోసి సన్న మంట మీద మరిగించి పారబోయండి. ఎండలో పూర్తిగా ఆరనిచ్చాకే లోపల పెట్టండి, తడి మిగిలితే బూజు పడుతుంది.

ప్రశ్న: బాత్రూం యాసిడ్ వాడితే తొందరగా పోతుందంటున్నారు, నిజమేనా? – ఒక పాఠకురాలు, కందుకూరు

జవాబు: వద్దు. ఆ యాసిడ్ స్టీలుకు సన్న గుంటలు పెడుతుంది, అల్యూమినియాన్నయితే కరిగించేస్తుంది. అందులో బ్లీచింగ్ కలిస్తే ఊపిరితిత్తులను దెబ్బతీసే క్లోరిన్ వాయువు పుడుతుంది. పొరపాటున రెండూ కలిస్తే అక్కడే నిలబడి కడగబోకండి, తలుపులు తెరిచి వెంటనే బయటికి వచ్చేయండి.