మై సెటర్లింగ్ నటన నుంచి దర్శకత్వానికి ఎందుకు వెళ్ళింది? ఏ సినిమాతో మొదలుపెట్టాలి?

అడిగినవారి ప్రశ్నలో రెండు ముక్కలున్నాయి. బ్రిటన్‌లో పెద్ద హీరోయిన్‌గా పేరు తెచ్చుకుని హాలీవుడ్ దాకా వెళ్ళిన స్వీడిష్ నటి మై సెటర్లింగ్ అదంతా పక్కన పెట్టి డైరెక్టర్ ఎందుకైంది? ఇప్పుడు ఆమె సినిమాలు చూడాలంటే దేనితో మొదలుపెట్టాలి? రెండోదానికి ముందు చెప్పేస్తాను. 1968లో వచ్చిన ‘ఫ్లికొర్నా’ చూడండి. ఇంగ్లిష్‌లో ‘ది గర్ల్స్’ పేరుతో దొరుకుతుంది. మొదటి ప్రశ్నకు జవాబు కూడా చాలావరకు ఆ సినిమాలోనే ఉంది.

నేను సినిమా రంగం మనిషిని కాను. కొన్నేళ్ళు పరిషత్తు నాటకాల్లో వేషాలు వేశాను. తర్వాత మా ఆయన ఉద్యోగం వల్ల స్టాక్‌హోమ్‌లో కొంతకాలం ఉన్నాం. అక్కడ యెర్డెట్ ప్రాంతంలో స్వీడిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ ఫిల్మ్‌హూసెట్ అనే భవనం ఉంది. పాత సినిమాలు అక్కడ మామూలు థియేటర్లో వేసినట్టే వేస్తారు. స్వీడిష్ నేర్చుకునే క్లాసులో పక్కన కూర్చునే ఆవిడ నన్ను ‘ఫ్లికొర్నా’కి తీసుకెళ్ళింది. నాకు అప్పటికి భాష సగమే అర్థమయ్యేది, అయినా సినిమా అర్థం కావడానికి అంతకంటే పెద్దగా అవసరం పడలేదు.

కథ ఏమిటంటే, ముగ్గురు నటీమణులు ‘లిసిస్ట్రాటా’ నాటకం వేసుకుంటూ స్వీడన్‌లో ఊరూరా తిరుగుతారు. ‘లిసిస్ట్రాటా’ క్రీస్తు పూర్వం 411లో అరిస్టోఫనీస్ రాసిన గ్రీకు ప్రహసనం. యుద్ధం ఆపేదాకా మొగుళ్ళను పక్కలోకి రానివ్వమని ఆడవాళ్ళందరూ ఒట్టు పెట్టుకుంటారు అందులో. స్టేజీ మీద అంత ధైర్యంగా ఉండే ఈ ముగ్గురికీ కిందికి దిగితే ఎవరి బాధ వారిది. లిజ్ భర్తకు వేరే సంబంధం ఉంది. మరియాన్ పెళ్ళయిన మగాడితో బిడ్డను కని ఒంటరిగా పెంచుకుంటోంది. గునిల్లాకు నలుగురు పిల్లలు. బిబి ఆండర్సన్, హారియెట్ ఆండర్సన్, గున్నెల్ లిండ్‌బ్లూమ్ వరసగా ఈ ముగ్గురి వేషాలూ వేశారు. స్వీడన్ దర్శకుడు ఇంగ్మార్ బెర్గ్‌మన్ సినిమాలు చూసినవాళ్ళకు ఆ మొహాలు బాగా పరిచయం. సెటర్లింగ్ చేతిలో అవే మొహాలు ఇంకోలా కనిపిస్తాయి. వాళ్ళకు కోపం వస్తుంది, నవ్వొస్తుంది, పగటికలలు కంటారు, మీటింగులో నిలబడి అరవాలనుకుంటారు.

నాకు గుండెలో తగిలింది మాత్రం లిజ్ నాటకం అయ్యాక స్టేజీ మీదే ఆగి ప్రేక్షకులతో మాట్లాడే సీను. ఇప్పుడు మేం వేసింది మీకు అర్థమైందా, ఇది మీ గురించే కదా అన్నట్టు అడుగుతుంది. జనం అలా చూస్తూ కూర్చుంటారు. ఏం చెప్పాలో ఎవరికీ తెలియదు. పరిషత్తులో వరకట్నం మీదో, తాగుడు మీదో నాటకం వేసి, తెర పడ్డాక చప్పట్లు విని, గ్రీన్‌రూమ్ బయట జనం మాట్లాడుకునేది విన్నవాళ్ళకు ఆ సీను బాగా తెలుసు. ‘బాగా చేశావమ్మా’ అంటారు. నాటకంలో చెప్పిన విషయం మాత్రం ఎవరూ ఎత్తరు.

ఇంకోటి. నాటకానికి బయల్దేరాలంటే మాకు అసలు టెన్షన్ ఇంట్లోనే మొదలయ్యేది. పిల్లాడిని ఎవరి దగ్గర వదలాలి, అత్తగారికి ఏమని చెప్పాలి, రాత్రి ఆఖరి ప్రదర్శన మాదైతే వ్యాన్ తిరిగొచ్చేసరికి ఎంతవుతుంది. చెవుల వెనక మేకప్ ఇంకా పోకుండానే తెల్లవారుజామున గేటు తీస్తుంటే పాలవాడు చూసే చూపు ఒకటి ఉండేది. మాతో వచ్చే మగ నటులకు ఈ లెక్కలేవీ ఉండేవి కావు. సెటర్లింగ్ ఈ తేడానే సినిమా అంతా పరిచింది. భర్తలు భార్య టూర్ గురించి మాట్లాడే తీరు, ఫోన్లు, ఇంటిని తలుచుకుంటే కలిగే తప్పు చేస్తున్నామనే భావం, అన్నీ ఉన్నాయి. 1968లో వేరే దేశంలో తీసిన సినిమాలో మన బతుకులోని ఇంత చిన్న విషయం కనిపిస్తే ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది నాకు. హాల్లో వయసుపైబడిన ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు. భర్తలు మాట్లాడినప్పుడల్లా వాళ్ళు పకపకా నవ్వారు.

ఇక ఆమె జీవితం. 1925 మే 24న స్వీడన్‌లోని వెస్టెరోస్‌లో పుట్టింది. కష్టపడి బతికే కుటుంబం. చిన్నప్పుడు కొంతకాలం ఆస్ట్రేలియాలో ఉండి తిరిగొచ్చారు. స్టాక్‌హోమ్‌లోని రాయల్ డ్రమాటిక్ థియేటర్ నటనా పాఠశాలలో చేరింది. ఇంకా ఇరవై నిండకుండానే 1944లో ‘హెట్స్’ సినిమాతో పేరొచ్చింది. ఆల్ఫ్ షెబెరి దర్శకత్వం, కథ స్క్రిప్టు అప్పటికి కుర్రాడైన ఇంగ్మార్ బెర్గ్‌మన్‌ది. క్రూరుడైన లాటిన్ మాస్టారు భయపెట్టి హింసించే సిగరెట్ కొట్టు అమ్మాయి వేషం ఆమెది. అది చూసి ఇంగ్లండ్ వాళ్ళు పిలిచారు. 1947లో ‘ఫ్రీడా’. యుద్ధం ఇంకా ముగియకముందే బ్రిటిష్ వైమానిక దళం ఆఫీసరు ఒకడు జర్మన్ అమ్మాయిని పెళ్ళి చేసుకుని ఇంటికి తెస్తాడు, ఊరంతా ఆమెను శత్రువుగా చూస్తుంది. ఆ జర్మన్ పిల్లగా ఈమె. సినిమా బాగా ఆడింది, ఆమె లండన్‌లో స్థిరపడింది. 1954లో హాలీవుడ్‌లో హాస్యనటుడు డానీ కే పక్కన, 1962లో బ్రిటిష్ సినిమాలో హాస్యనటుడు పీటర్ సెల్లర్స్ పక్కన చేసింది. అవకాశాలకు లోటు లేదు. వచ్చేవన్నీ మాత్రం అందమైన పరదేశీ పిల్ల వేషాలే ఎక్కువ. పదిహేనేళ్ళు అదే వేషం వేసిన తెలివైన మనిషికి విసుగు రావడం నాకు చాలా సహజంగా అనిపిస్తుంది. ఆ మధ్యలో 1957లో మ్యూరియల్ బాక్స్ అనే మహిళా దర్శకురాలి కింద కూడా నటించింది. ఆడమనిషి సెట్టును నడపడం దగ్గర్నుంచి చూసిందన్నమాట.

చాలామంది గమనించని విషయం ఒకటుంది. నటిగా వచ్చిన పేరును అడ్డం పెట్టుకుని ఆమె ఒక్కసారిగా పెద్ద సినిమా తియ్యలేదు. 1960 నుంచి బీబీసీకి డాక్యుమెంటరీలు తీస్తూ పని నేర్చుకుంది. ఉత్తరాన లాప్లాండ్‌లో ఉండే సామీ ప్రజల మీద ఒకటి, దక్షిణ ఫ్రాన్స్‌లో యాత్రకు వచ్చే జిప్సీల మీద ఒకటి, స్వీడన్ సంపద మీద ఒకటి. 1958లో పెళ్ళాడిన రెండో భర్త, రచయిత డేవిడ్ హ్యూస్, ఈ పనుల్లో తోడున్నాడు. తర్వాతి సినిమాల స్క్రిప్టులు ఇద్దరూ కలిసి రాశారు. 1963లో పదిహేను నిమిషాల ‘ది వార్ గేమ్’ తీసింది. ఇద్దరు మగపిల్లలు బొమ్మ తుపాకీ కోసం కొట్టుకుంటూ ఎత్తైన అపార్ట్‌మెంట్ భవనం పైకప్పు దాకా పోతారు. మాటలు దాదాపు లేవు. దీనికి వెనిస్ సినిమా ఉత్సవంలో అవార్డు వచ్చింది. వెతికేటప్పుడు జాగ్రత్త, 1965లో పీటర్ వాట్కిన్స్ తీసిన అణుయుద్ధం సినిమా పేరు కూడా ఇదే, ముందు అదే దొరుకుతుంది.

1964లో మొదటి ఫీచర్ ఫిల్మ్ ‘ఎల్స్‌కాండె పార్’, ఇంగ్లిష్‌లో ‘లవింగ్ కపుల్స్’. 1930లలో స్వీడన్‌లో పెద్ద సాహిత్య వివాదం రేపిన ఆగ్నెస్ వాన్ క్రూసెన్‌షేర్నా నవలల నుంచి తీసుకున్న కథ. 1915లో ప్రసూతి ఆసుపత్రిలో చేరిన ముగ్గురు ఆడవాళ్ళు, వాళ్ళు అక్కడికి ఎలా వచ్చారన్న జ్ఞాపకాలు. కెమెరా స్వెన్ నీక్విస్ట్. ఫ్రాన్స్‌లో కేన్స్ సినిమా ఉత్సవంలో ఈ సినిమా పోస్టర్‌ను అశ్లీలమని నిషేధించారు. రెండేళ్ళకు తన సొంత నవల మీద ‘నాట్‌లేక్’ అంటే ‘నైట్ గేమ్స్’ తీస్తే ఇంకా పెద్ద గొడవ. 1966 వెనిస్ ఉత్సవంలో మామూలు ప్రేక్షకులను రానివ్వకుండా జ్యూరీకీ విలేఖరులకూ మాత్రమే చూపించారు. శాన్ ఫ్రాన్సిస్కో ఉత్సవంలో దాన్ని వేస్తున్నారని బాలనటిగా ప్రపంచానికి తెలిసిన షర్లీ టెంపుల్ నిర్వాహక బోర్డుకు రాజీనామా చేసింది. అది కష్టమైన సినిమా. తల్లి నీడ నుంచి బయటపడలేని మనిషి కథ. నాకు గౌరవం ఉంది గానీ దగ్గర కాలేకపోయాను.

‘ఫ్లికొర్నా’ వచ్చినప్పుడు స్వీడన్ విమర్శకులు చాలామంది చీల్చి చెండాడారు, జనమూ రాలేదు. స్త్రీవాద రచయిత్రి సిమోన్ ద బోవువా ఫ్రాన్స్‌లో మెచ్చుకుని రాసింది. 1970లలో స్త్రీవాద ఉద్యమం వాళ్ళు వెతికి మరీ చూశారు. అయితే అది ఆమెకు అప్పట్లో డబ్బు తెచ్చిపెట్టలేదు. మళ్ళీ స్వీడన్‌లో పెద్ద సినిమా తియ్యడానికి 1986 దాకా ఆగాల్సి వచ్చింది. నలభై మూడేళ్ళ వయసు నుంచి అరవై దాటేదాకా, దర్శకురాలు మంచి పదునులో ఉండే కాలం అంతా అలా పోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఊరికే కూర్చోలేదు, అది మాత్రం నిజం. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ మీద ఎనిమిది మంది దర్శకులు తలా ఒక భాగం తీసిన ‘విజన్స్ ఆఫ్ ఎయిట్’లో ఆమె ఒక్కతే స్త్రీ. వెయిట్‌లిఫ్టర్లను ఎంచుకుంది. ఒంటరిగా, తన లోకంలో తాను ఉండే మనిషి పట్టుదల మీదే ఆమె దృష్టంతా. లిఫ్టర్ ఒక్కడే పైకెత్తి వదిలేసిన బరువును పక్కకు తీసుకుపోవడానికి కొంతమంది కలిసి తంటాలు పడటం చూపిస్తుంది. కామెంటరీ ఎంత చెప్పినా రాని విషయం ఆ ఒక్క షాట్‌లో వస్తుంది. చిత్రకారుడు వాన్ గో మీద డాక్యుమెంటరీ, గ్రీన్‌లాండ్ వేటగాళ్ళ మీద ఇంకోటి చేసింది. 1982లో ఇంగ్లండ్‌లో బాల నేరస్థుల జైల్లో ఉండే అమ్మాయిల కథ ‘స్క్రబ్బర్స్’ తీసింది, దాన్ని నిర్మించింది బీటిల్స్ పాటల బృందంలోని జార్జ్ హారిసన్ పెట్టిన హ్యాండ్‌మేడ్ ఫిల్మ్స్ కంపెనీ. 1986లో స్వీడన్‌కు తిరిగొచ్చి తీసిన ‘అమొరోసా’ ఎవరి కథ అనుకున్నారు? ‘లవింగ్ కపుల్స్’ నవలలు రాసిన ఆగ్నెస్ వాన్ క్రూసెన్‌షేర్నా జీవితం. ముందు ఆమె రాతలు, ఇరవై రెండేళ్ళకు ఆమె మనిషి.

మళ్ళీ నటించింది కూడా. 1990లో వచ్చిన ‘ది విచెస్’లో మనవడికి మంత్రగత్తెల కథలు చెప్పే నాన్నమ్మ ఈమే. చిన్నప్పుడు టీవీలో చూసినవాళ్ళు గుర్తుపడతారు. అదే ఏడాది బ్రిటిష్ దర్శకుడు కెన్ లోచ్ తీసిన ‘హిడెన్ అజెండా’లోనూ వేసింది. 1994 మార్చి 17న లండన్‌లో క్యాన్సర్‌తో చనిపోయింది.

ఆమె సినిమాల్లో చేసిన గున్నెల్ లిండ్‌బ్లూమ్ 1977లో, ఇంగ్రిడ్ థూలిన్ 1982లో తమ తమ ఫీచర్ సినిమాలు డైరెక్ట్ చేశారు. వీలైతే అవీ వెతకండి.

చూసే వరస నన్నడిగితే ‘ఫ్లికొర్నా’ తర్వాత ‘ది వార్ గేమ్’, ఆ తర్వాత ‘లవింగ్ కపుల్స్’. ‘నైట్ గేమ్స్’ ఆఖరికి పెట్టుకోండి. ఈ మూడు ఫీచర్లూ కలిపి, పాత సినిమాలను డిస్కులుగా తెచ్చే క్రైటీరియన్ అనే అమెరికన్ కంపెనీ వాళ్ళు ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌తో ఒకే సెట్‌గా తెచ్చారు. ‘లవింగ్ కపుల్స్’లో పాత్రలు చాలా ఎక్కువ, వెనక్కీ ముందుకీ పోతుంటుంది. మొదటి అరగంటలో ఎవరు ఎవరో తెలియక ఆపేయకండి, ఆసుపత్రి మంచాల మీదున్న ముగ్గురి మొహాలు గుర్తుపెట్టుకుంటే చాలు.