నట్లు పెంచితే లోలకం నెమ్మదిస్తోందా? పొడవు చూడండి

దారానికి నట్లు కట్టి ఊపిన లోలకం, నట్లు పెంచితే నెమ్మదిస్తోంది, బరువే కారణమా అని అడిగారు. మీ ప్రయోగంలో బరువుతో పాటు పొడవు కూడా మారిందండీ, పొడవు పెరిగితే లోలకం నెమ్మదిస్తుంది. ఒక నట్టుతో 20 డోలనాలకు (ఒకసారి అటూఇటూ ఊగి తిరిగి రావడం ఒక డోలనం) 28.4 సెకన్లు, ఐదింటితో 29.5 వచ్చాయన్నారు. నట్లు ఒకదాని కింద ఒకటి కట్టానని రాశారు కదా, తేడా అక్కడే వచ్చింది.

లోలకం పొడవంటే దారం పొడవు కాదు. పైన కట్టిన చోటు నుంచి బరువు గురుత్వ కేంద్రం వరకు. 2 సెం.మీ. నట్లు ఐదు వరసగా వేలాడితే ఆ కేంద్రం 4 సెం.మీ. కిందికి దిగుతుంది. మీ 50 సెం.మీ. లోలకం 54 అయింది. 54కి లెక్క వేస్తే వచ్చేది 29.5 సెకన్లే! మీ టైమింగ్ భేషుగ్గా ఉంది. పొడవు మారకుండా మళ్లీ చేయాలంటే ఇలా చేయండి:

1. జెమ్ క్లిప్పును కొక్కెంలా వంచి, నట్లన్నీ దానికే పక్కపక్కన తగిలించండి.
2. నట్లు మార్చిన ప్రతిసారీ, అవి వేలాడుతుండగానే, పైనుంచి వాటి మధ్య వరకు మళ్లీ కొలవండి. దాదాపు అందరూ వదిలేసేది ఇదే. బరువుకు దారం కూడా సాగుతుంది, నైలాన్ అయితే మరీను. తేడా వస్తే ముడి సర్దండి.
3. 10 డిగ్రీలు దాటకుండా లాగి, నెట్టకుండా వదలండి.

ఆ తర్వాత కూడా 0.2, 0.3 సెకన్లు అటూఇటూ వస్తే టెన్షన్ వద్దు, అది స్టాప్‌వాచ్ నొక్కే వేలిదే.