సమాధానం: మూంక్ బొమ్మలో ఎవరూ ఏడవడం లేదు, మరి దుఃఖం ఎక్కడ?

నార్వే చిత్రకారుడు ఎడ్వర్డ్ మూంక్ వేసిన ‘డెత్ ఇన్ ది సిక్‌రూమ్’ (రోగి గదిలో మరణం) బొమ్మలో ఎవరూ ఏడవరు, చనిపోతున్న అమ్మాయి ముఖమూ కనబడదు, అసైన్‌మెంట్‌లో భయం, దుఃఖం గురించి ఏం రాయాలని అడిగారు. టెన్షన్ వద్దండీ, ఎవరూ ఏడవకపోవడం, ముఖం కనబడకపోవడం, ఆ రెండు విషయాల మీదే రాయండి.

కుర్చీలో ఉన్నది మూంక్ అక్క సోఫీ. 1877లో క్షయతో పోయింది, అప్పటికి ఆమెకు 15 ఏళ్లు. కుర్చీని మనకు వీపు పెట్టి వేశాడు కాబట్టి చూపంతా మిగిలిన వాళ్ల మీదికి పోతుంది. తండ్రి చేతులు జోడించి ప్రార్థిస్తున్నాడు. చెల్లెలు లారా తల వంచుకుని కూర్చుంది. ఇంకో చెల్లెలు ఇంగర్ నేరుగా మనవైపే చూస్తోంది. తమ్ముడు ఎడమ పక్క గోడ దగ్గర, బయటికి పోబోతున్నట్టు ఉన్నాడు. ఇంతమంది ఒకే గదిలో ఉన్నా ఒకరినొకరు చూసుకోరు, ఓదార్చుకోరు. నా దృష్టిలో దుఃఖమంతా అక్కడే ఉంది.

భయానికి నేల చూడండి. ఖాళీగా, పైకి వాలినట్టు ఉండి మనుషుల్ని అంచులకు నెట్టేస్తుంది.

ఇంకో పాయింట్ తప్పకుండా రాయండి, దీనికి మార్కులు పడతాయి. బొమ్మ వేసింది 1893లో. సోఫీ పోయేనాటికి మూంక్‌కు 13 ఏళ్లే, చెల్లెళ్లు ఇంకా చిన్నపిల్లలు. కానీ బొమ్మలో అందరూ పెద్దవాళ్లు! పదహారేళ్లయినా వాళ్లింకా ఆ గది దాటలేదన్నమాట.

మూంక్‌ను ‘ఎక్స్‌ప్రెషనిజానికి (కనిపించే రూపం కన్నా లోపలి భావాన్ని చూపే చిత్రకళా ధోరణి) దారి వేసినవాడు’ అనండి, ఎందుకంటే ఆ ధోరణి చిత్రకారుల ‘డీ బ్రూకె’ బృందం జర్మనీలో మొదలైంది ఈ బొమ్మ తర్వాతే, 1905లో.