చీటీ సీసా లోపల వెయ్యి

చిట్టితల్లీ,

లక్షద్వీప్ పగడపు దిబ్బలో దొరికిన వేలి కణుపంత గోబీ చేప కొత్త జాతేననీ, దాని వివరణ నువ్వే రాస్తున్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. బ్రాడీపేటలో కనపడ్డ ప్రతివాళ్ళకీ చెప్పుకున్నాను. రాత్రి మాత్రం ఒకటే టెన్షన్. అందుకే ఈ ఉత్తరం.

అనుమతుల సంగతి నీకు తెలుసు. రంగు చెదరకముందే ఫొటో తియ్యి. డీఎన్‌ఏ కోసం కుడిపక్కన చిన్న ముక్క కోసి, చేప కుళ్ళకుండా పోసే ఫార్మలిన్ తగలకముందే ఆల్కహాల్లో వెయ్యి. ఎడమపక్క ముట్టుకోకు, బొమ్మ ఆ పక్కదే వేస్తారు. రెక్కల్లో ఈనెలు మూడుసార్లు లెక్కపెట్టు.

ఇక చీటీ. నాకు పాతికేళ్ళప్పుడు రామేశ్వరం వైపు మండపం ఊరి దగ్గర రెండు దీవుల్లో చేపలు పట్టి రెండు సీసాల్లో పెట్టాను. దీవి పేరు, లోతు, తేదీ సిరాతో రాసి సీసాల పైన జిగురుతో అంటించాను. రైల్లో మూతల దగ్గర ఫార్మలిన్ కారింది. గుంటూరులో దిగి సంచీ తెరిస్తే చీటీలు రెండూ అడుగున ముద్దయిపోయి ఉన్నాయి, అక్షరాలన్నీ నీలి మరక. మీ అమ్మకప్పుడు పన్నెండేళ్ళు. ఒక సీసా లైటు ముందు పట్టుకుని, "అన్నయ్యా, ఇది ఏ దీవి చేప?" అంది. చెప్పలేకపోయాను. అందులో ఒకదానికి మెడమీద నల్లచుక్క ఉంది, నేను చూసిన ఏ పుస్తకంలోనూ లేదు. ఎక్కడిదో చెప్పలేని చేపని హోలోటైప్, అంటే కొత్త జాతి పేరుకి ఆధారంగా నిలిచే నమూనా, ఎలా చేస్తాను? వదిలేశాను. ఆ చుక్క ఇప్పటికీ కళ్ళముందే ఉంది.

ఈస్టిండియా కంపెనీలో పనిచేసిన రస్సెల్ దొర విశాఖపట్నం చేపలకి బొమ్మలు వేయించి, మన తెలుగు పేర్లే రాసుకుని, 1803లో పుస్తకంగా అచ్చువేయించాడు. ఊరూ బొమ్మా సరిగ్గా ఉన్నాయి కాబట్టే తర్వాతివాళ్ళు వాటిలో చాలావాటికి శాస్త్రీయ నామాలు పెట్టగలిగారు.

కాబట్టి చీటీ పెన్సిల్‌తో రాసి సీసా లోపలే వెయ్యి. ఎవరో ముందు అచ్చువేస్తారని కంగారుపడకు. హోలోటైప్ నీ బీరువాలో దాచుకోకుండా జువలాజికల్ సర్వేకి అప్పగించు.

ఆస్ట్రేలియా దిబ్బల్లో ఒక బుల్లి గోబీ 59 రోజులకి మించి బతకదట. అంత చిన్న ప్రాణి కోసం నువ్వు ఎండనక వాననక తిరుగుతున్నావు. వేళకి తింటున్నావా, తల్లీ?

నా పెన్సిళ్ళు మీ అమ్మ చేత పంపుతున్నాను. నీళ్ళలోకి ఒక్కదానివే దిగకు.

మీ మావయ్య,
గుంటూరు