కొరియా భోజనంలో కెలోరీలు ఎక్కడ, ఉప్పు ఎక్కడ?

దక్షిణ కొరియాలో నివసిస్తున్న తెలుగు పాఠకులు అక్కడి రోజువారీ భోజనం గురించి రాసిన ఉత్తరాలలో నాలుగింటికి ఈ సంచికలో సమాధానం ఇస్తున్నాము.

ప్రశ్న: నేను తేజాన్‌లో పరిశోధక విద్యార్థినిని. కొరియా భోజనం తేలికగా ఉంటుందని, తింటే సన్నబడతారని విన్నాను. కానీ ఇక్కడికి వచ్చిన ఏడాదికే బరువు పెరిగాను. పగలు విశ్వవిద్యాలయ భోజనశాలలో తింటాను. రాత్రిపూట ఎక్కువగా కింబాప్ (సముద్రపు నాచులో చుట్టిన అన్నం), బిబింబాప్ (కూరలు, గుడ్డుతో కలిపే అన్నం), తొక్‌పొక్కి (కారపు ద్రవంలో ఉడికించిన బియ్యప్పిండి ముక్కలు) వంటివి బయట కొనుక్కుంటాను. వీటిలో దేనికి ఎన్ని కెలోరీలు ఉంటాయో తెలియజేయగలరు.
— ఒక పాఠకురాలు, తేజాన్

జవాబు: మీరు విన్నది కొరియా ఇళ్లలో వండుకునే భోజనానికి చాలా వరకు వర్తిస్తుంది. మీరు రాత్రిపూట తింటున్నది ఆ భోజనం కాదు. ఇంటి భోజనంలో ఒక గిన్నె అన్నం, ఒక గిన్నె పులుసు, మూడు నాలుగు రకాల బాన్‌చాన్ (పక్క కూరలు) ఉంటాయి. అన్నాన్ని పక్కన పెడితే వాటిలో కెలోరీలు తక్కువే. కిమ్చి (కారంతో ఊరబెట్టిన క్యాబేజీ) వంద గ్రాములు తిన్నా ముప్ఫై కెలోరీల చుట్టుపక్కలే వస్తాయి, ఉడికించిన సోయా మొలకలు కూడా దాదాపు అంతే. ఆ భోజనంలో శక్తికి ప్రధానమైన ఆధారం అన్నం గిన్నె. హోటళ్లలో మూతపెట్టి ఇచ్చే చిన్న స్టీలు గిన్నెలో సుమారు 210 గ్రాముల అన్నం పడుతుంది, దాని విలువ 300 నుంచి 310 కెలోరీలు. దుకాణాల్లో దొరికే, మైక్రోవేవ్‌లో వేడిచేసుకునే అన్నం డబ్బా కూడా సాధారణంగా ఇదే కొలతలో ఉంటుంది కాబట్టి, దీనిని ఒక ప్రమాణంగా గుర్తుపెట్టుకుంటే మిగిలిన లెక్కలన్నీ సులువవుతాయి.

బిబింబాప్‌ను ఉదాహరణగా తీసుకుందాము. కూరగాయలు రంగురంగులుగా కనిపించడం వల్ల అది తేలికైన వంటకమన్న అభిప్రాయం కలుగుతుంది. అన్నానికి 310, వేయించిన గుడ్డుకు 90, కొద్దిపాటి మాంసానికి 80, నూనెలో మగ్గించిన కూరలకు 70, చెంచాడు గోచుజాంగ్‌కు (పులియబెట్టిన మిరప ముద్ద) 40, చిన్న చెంచాడు నువ్వుల నూనెకు 45 వేసుకుంటే మొత్తం 635 అవుతుంది. అదే నూనెను భోజనం తినే పెద్ద చెంచాతో పోస్తే ఒక్క చెంచాకే 120 దాకా పెరుగుతుంది. అందువల్ల బిబింబాప్‌కు ఇన్ని కెలోరీలని ఒకే అంకె చెప్పడం నాకు సరైనదిగా తోచదు. వంటకం పేరు ఒకటే అయినా, అన్నం ఎంత పెట్టారు, నూనె ఎంత పోశారు అన్న రెండు విషయాలను బట్టి 500 నుంచి 700 వరకు ఎక్కడైనా ఉండవచ్చు. కూరలు ఎక్కువ వేయమని, అన్నం తక్కువ పెట్టమని, గోచుజాంగ్ విడిగా ఇమ్మని అడిగితే చాలా హోటళ్లలో అభ్యంతరం చెప్పరు.

కింబాప్ ఒక చుట్ట 400 నుంచి 500 కెలోరీల దాకా ఉంటుంది. లోపల కూరగాయలున్నా చుట్టలో ఎక్కువ భాగం ఉప్పు, నువ్వుల నూనె కలిపిన అన్నమే. కాబట్టి దానిని చిరుతిండిగా కాక ఒక పూట భోజనంగా లెక్కించాలి. ఒక చుట్ట తిని, ఆకలి తీరలేదని దానితోపాటు రామ్యన్ (పులుసు నూడుల్స్) తెప్పించుకుంటే రెండు పూటల భోజనం ఒకేసారి చేసినట్లు.

ఇక తొక్‌పొక్కి సంగతి. మీ బరువుకు ప్రధాన కారణం ఇదేనని నేను అనుకుంటున్నాను. బియ్యప్పిండిని ఉడికించి, దంచి, గట్టిగా అదిమి చేసే ఆ తొక్ ముక్కలలో నీటి శాతం అన్నంలోకన్నా తక్కువ. అందుకే అన్నం వంద గ్రాములకు సుమారు 150 కెలోరీలుంటే, తొక్ వంద గ్రాములకు 200 దాటుతాయి. దీనికి గోచుజాంగ్, పంచదార, పిండిపాకం కలిపిన చిక్కటి ద్రవం తోడవుతుంది. మాంసకృత్తులు నామమాత్రంగా ఉంటాయి కనుక కడుపు నిండిన భావన ఎంతోసేపు నిలవదు, కొద్ది గంటలకే మళ్లీ ఆకలేస్తుంది. వారానికి ఒకసారి, స్నేహితులతో పంచుకుని, ఉడికించిన గుడ్డుతో కలిపి తినండి. మిగిలిన రాత్రులు మీ భోజనశాలలోనే తినే వీలుంటే అక్కడే తినండి. అన్నం, పులుసు, కూరలు వేర్వేరు గళ్లలో పెట్టిన ఆ పళ్లెంలో ఎంత తింటున్నామో కంటికి తెలుస్తుంది.

ప్రశ్న: మా వారికి నలభై రెండేళ్లు, రక్తపోటు ఉన్నట్లు ఈ మధ్యే తెలిసింది. ఆయనకు దోయెన్‌జాంగ్ జిగే (పులియబెట్టిన సోయా ముద్దతో చేసే పులుసు), రామ్యన్ లేకుండా రోజు గడవదు. సోయాతో చేసినది మంచిదే కదా అంటారు. ఏం చేయాలి?
— ఒక పాఠకురాలు, సువాన్

జవాబు: ఈ ఉత్తరం రాసినందుకు మిమ్మల్ని అభినందిస్తున్నాను. కొరియా భోజనం గురించి కెలోరీల ప్రశ్నలే నాకు ఎక్కువగా వస్తాయి, కానీ ఆ భోజనంలో నిజంగా కనిపెట్టుకుని ఉండవలసినది సోడియం. పెద్దవారు రోజుకు 2,000 మిల్లీగ్రాములకు, అంటే 5 గ్రాముల ఉప్పుకు లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కొరియన్ల సగటు వాడకం 2010 ప్రాంతంలో సుమారు 4,800 మిల్లీగ్రాములుండేది. ప్రభుత్వం, ఆహార పరిశ్రమ, పాఠశాలలు కలిసి ప్రయత్నించగా 2018 నాటికి అది సుమారు 3,300కు దిగింది. ఇంత తక్కువ కాలంలో ఒక దేశపు నాలుక ఇంతగా మారడం గొప్ప విషయమే, అయినా అది ఇప్పటికీ హద్దు పైనే ఉంది.

దోయెన్‌జాంగ్ సోయాతో చేసినదన్న మాట నిజం, పులియబెట్టడం వల్ల దానికి ప్రత్యేకమైన రుచి వస్తుందన్నదీ నిజం. అయితే ఆ ముద్ద చెడిపోకుండా నిలిచేది ఉప్పు వల్లనే, బరువులో సుమారు పదో వంతు ఉప్పే ఉంటుంది. ఒక గిన్నె జిగేతోనే రోజు మొత్తానికి సరిపడే సోడియం ఒంట్లోకి చేరగలదు. రామ్యన్ పొట్లం 120 గ్రాములు ఉంటే దానిలో దాదాపు 500 కెలోరీలు, 1,700 నుంచి 1,800 మిల్లీగ్రాముల సోడియం ఉంటాయి. చైనా పద్ధతి కొరియా హోటళ్లలో దొరికే జాంపోంగ్ అనే నూడుల్స్ పులుసు పెద్ద గిన్నెకు ప్రభుత్వ పట్టికలలో సుమారు 4,000 మిల్లీగ్రాములని నమోదైంది. ఈ మూడింటిలోనూ ఉప్పు ఎక్కువగా ఉండేది గిన్నె అడుగున మిగిలే ద్రవంలోనే. మీ వారు జిగే మానవలసిన అవసరం లేదు, దానిని తినే తీరు మార్చుకుంటే చాలా వరకు సరిపోతుంది. టోఫు, గుమ్మడి, పుట్టగొడుగులు రెట్టింపు వేసి, దోయెన్‌జాంగ్ సగానికి తగ్గించి, రుచి కోసం ఎండు పుట్టగొడుగుల నీళ్లు వాడండి. ముక్కలను చాప్‌స్టిక్‌లతో ఏరుకుని తినమనండి, ద్రవాన్ని గిన్నెలోనే వదిలేయమనండి. రామ్యన్‌లో మసాలా పొడి సగమే వేయండి, మిగిలిన రసంలో అన్నం కలుపుకునే అలవాటును మాత్రం పూర్తిగా మానిపించండి.

పొట్లాల మీది పోషక పట్టికలో సోడియాన్ని నాత్రియుమ్ అని రాస్తారు, పక్కనే శాతం ఉంటుంది. ఆ శాతాన్ని 2,000 మిల్లీగ్రాములను నూరుగా తీసుకుని వేస్తారు కాబట్టి, 90 శాతమని ఉంటే రోజు వాటా దాదాపు ఆ ఒక్క పొట్లంతోనే పూర్తయిందని అర్థం. ఒక హెచ్చరిక కూడా చేయాలి. సోడియం తక్కువని అమ్మే కొన్ని ఉప్పులలో పొటాషియం కలుపుతారు. మీ వారి మూత్రపిండాల పనితీరును వైద్యులు పరీక్షించి సరేననే వరకు వాటిని కొనకండి.

ప్రశ్న: ఉద్యోగరీత్యా వారానికి రెండుసార్లు హోయెసిక్ అనే కార్యాలయ విందుకు వెళ్లక తప్పదు. సామ్‌గ్యప్‌సాల్ (కాల్చుకుని తినే కొవ్వున్న పంది మాంసం), సోజు (కొరియా మద్యం). అన్నం ముట్టను కాబట్టి పరవాలేదు కదా?
— ఒక పాఠకుడు, సోల్

జవాబు: పరవాలేదని అనలేను. సామ్‌గ్యప్‌సాల్ ఒకరి వాటా 200 గ్రాముల పచ్చి మాంసం. కాల్చేటప్పుడు కొంత కొవ్వు కారిపోయినా 700 కెలోరీల దరిదాపుల్లో ఉంటుంది. సోజు లెక్క మీరే వేసుకోవచ్చు: 360 మిల్లీలీటర్ల సీసాలో ఆల్కహాల్ 16.5 శాతం అనుకుంటే దాదాపు 47 గ్రాములు, గ్రాముకు 7 కెలోరీల చొప్పున 330 వస్తుంది. అంటే ఒక సీసా ఒక గిన్నె అన్నాన్ని మించుతుంది, పైగా దానిలో పోషక విలువ ఏమీ లేదు. కాలేయం విషయం ఈ లెక్కకు అందనిది. మాంసాన్ని లెట్యూస్, పెరిల్లా ఆకులలో చుట్టి, వెల్లుల్లి, పచ్చిమిరపతో తినే పద్ధతి చక్కటిది, ఆకులు మళ్లీ మళ్లీ అడగండి. చివర్లో వచ్చే వేపుడు అన్నాన్ని, చల్లటి నూడుల్స్‌ను వద్దనడం గ్లాసును వద్దనడంకన్నా మీ సహోద్యోగుల మధ్య తేలిక కావచ్చు. అయినా గ్లాసు విషయంలోనూ ఆరోగ్య కారణం చెప్పి తగ్గించుకోండి, ఈ రోజుల్లో చాలా కార్యాలయాలలో దానిని అర్థం చేసుకుంటున్నారు.

ప్రశ్న: మేము గుడ్డు, పాలు తీసుకుంటాము గాని మాంసం, చేపలు తినము. బాబు ఇంచియాన్‌లో ప్రాథమిక పాఠశాలలో చేరాడు. బడి భోజనంలో వాడు ఏది తినవచ్చో, ఎదుగుదలకు సరిపోతుందో లేదో ఎలా తెలుసుకోవాలి?
— ఒక తల్లి, ఇంచియాన్

జవాబు: కొరియా బడి భోజనాన్ని పోషకాహార నిపుణులు రూపొందిస్తారు, నెల మొత్తానికి పట్టికను ముందే ఇంటికి పంపుతారు. ప్రతి వంటకం పక్కన కొన్ని అంకెలుంటాయి. అలర్జీ ఉన్న పిల్లల కోసం పెట్టిన ఆ అంకెలు మీకూ పనికివస్తాయి. 10 అంటే పంది మాంసం, 15 కోడి, 16 గొడ్డు మాంసం, 7 మాకెరల్ చేప, 8 పీత, 9 రొయ్య, 17 స్క్విడ్, 18 గుల్ల జీవులు. కిమ్చి పక్కన 9 ఉంటే దానిలో రొయ్యల ఊరగాయ పడిందని తెలుసుకోవచ్చు. అయితే ఎండు మెత్తళ్లకు ఆ జాబితాలో అంకె లేదు. కొరియా పులుసులకు ఆధారమైన రసాన్ని చాలాచోట్ల ఆ మెత్తళ్లతోనే కాస్తారు, కిమ్చిలోనూ వాటి ఊరగాయ రసం వేస్తారు. అందువల్ల అంకెలు లేనంత మాత్రాన పులుసు శాకాహారమని అనుకోకుండా, బడిలోని పోషకాహార ఉపాధ్యాయులతో స్వయంగా మాట్లాడండి. విడిగా డబ్బా పంపడానికి అనుమతి కూడా వారినే అడగాలి.

మాంసకృత్తుల విషయంలో దిగులు అక్కరలేదు. టోఫు వంద గ్రాములకు సుమారు 8 గ్రాములు, ఒక గుడ్డుకు 6 గ్రాములు వస్తాయి. అన్నంలో నల్ల సోయా గింజలు కలిపి వండే కోంగ్‌బాప్ ఇక్కడి ఇళ్లలో మామూలే, పిల్లలకు తొందరగా అలవాటవుతుంది. కింబాప్‌ను చుట్టే సముద్రపు నాచైన గిమ్ ఆకులలో విటమిన్ బి12 ఉన్నా, శరీరం దానిని ఎంత వాడుకోగలదన్న విషయంలో శాస్త్రజ్ఞుల మధ్య ఏకాభిప్రాయం లేదు. కాబట్టి బాబుకు ఆ విటమిన్ రోజూ పాలు, గుడ్డు ద్వారానే అందేలా చూడండి. గిమ్‌ను ఇష్టంగా తింటాడు కదా అని సముద్రపు నాచులన్నింటినీ ఒకేలా పెట్టకండి. పులుసు కాచే దాసిమా అనే నాచులో అయోడిన్ గిమ్‌లోకన్నా అనేక రెట్లు ఎక్కువ, పెద్దవారికే రోజుకు 150 మైక్రోగ్రాములు చాలు. రసం కాచాక దాసిమా ముక్కలను తీసి పారేయండి, పొడిగా చేసి కూరలలో చల్లవద్దు.