కూల్ డ్రింక్ నేను ఎలా మానేశానంటే

రోజూ కూల్ డ్రింక్ తాగే అలవాటుంది, ఒంటికి మంచిది కాదని తెలుసు, ఆ కంపెనీలు ఊళ్ళ నీళ్ళు తోడేస్తాయని చదివాక మనసుకూ నచ్చడం లేదు, అయినా పది రోజులు మానేస్తే పదకొండో రోజు మళ్ళీ మొదలవుతోంది, ఎవరైనా పూర్తిగా మానేశారా అని అడిగారు కదా. నేను మానేశాను. 2019 ఏప్రిల్‌లో చివరిసారి తాగాను. నా సంగతి ఉన్నదున్నట్టు చెప్తాను.

బెంగళూరులో నైట్ షిఫ్ట్ చేసేవాణ్ణి. రాత్రి రెండింటికి బ్రేక్, నిద్ర ఆపుకోవడానికి ఒక కోలా. మొదట్లో చిన్న సీసా, ఏడాది తిరిగేసరికి 600 మి.లీ. సీసా, శనివారం బిర్యానీ తింటే అదనంగా ఇంకొకటి. మంచినీళ్ళు తాగడం దాదాపు మర్చిపోయాను. 31 ఏళ్ళకే ఆఫీసు హెల్త్ చెకప్‌లో ఫ్యాటీ లివర్ అన్నారు, మూడు నెలల షుగర్ సగటు చూపించే హెచ్‌బీఏ1సీ 6.2 వచ్చింది. 5.7 నుంచి ప్రీడయాబెటిస్, అంటే షుగర్‌కు ముందు దశ, 6.5 వస్తే షుగర్ ఉన్నట్టే. అన్నం తగ్గించమంటారనుకుని వెళ్తే డాక్టరమ్మ ముందు అడిగింది "రోజూ ఏం తాగుతారు" అని.

ఆ రాత్రి రూముకెళ్ళి సీసా లేబుల్ చదివాను. 100 మి.లీ.కి 10.6 గ్రాముల చక్కెర. 600కి లెక్కేస్తే 63 గ్రాముల పైనే. నమ్మకం కుదరక చిన్న టీ గ్లాసు తీసుకుని చెంచాతో చక్కెర పోస్తూ లెక్కపెట్టాను, పదహారు చెంచాలకు గ్లాసు ముప్పాతిక దాకా నిండింది. అది తినమంటే ఎవరం తినం, కానీ చల్లగా, గ్యాస్‌తో, కాస్త పులుపుతో ఇస్తే పది నిమిషాల్లో గొంతు దిగిపోతుంది, పైగా కడుపు నిండినట్టు ఉండదు కాబట్టి తిండి తిండే, అది అదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తం మీద 25 గ్రాముల లోపు ఉంటే మేలంటుంది. నేనొక్క సీసాలోనే దానికి రెండింతలు దాటేస్తున్నాను.

ఇంత తెలిశాక మానేశానా అంటే లేదు. మూడు వారాలు ఆపాను, మళ్ళీ మొదలైంది. తర్వాత షుగర్ లేని రకం పట్టుకుని, ఇక సమస్య తీరిపోయిందనుకున్నాను. రిపోర్టు కాగితం చేతిలో ఉన్నన్నాళ్ళే భయం ఉంటుంది, అది బీరువాలోకి వెళ్ళాక భయమూ వెళ్ళిపోతుంది. మీ పదకొండో రోజు కూడా ఇదేనేమో చూసుకోండి.

మాది కదిరి వైపు పల్లె. ఆ వేసవిలో నాయన మూడో బోరు వేయించాడు, నేను సెలవు పెట్టి వెళ్ళాను. రాత్రి తొమ్మిదికి బోరుబండి వచ్చింది. 500 అడుగులు, 600, 700, ఒక్కో రాడ్డు దిగేకొద్దీ బూడిదరంగు దుమ్మే పైకి లేస్తోంది. బండివాళ్ళు ఇంకో రాడ్డు దించమంటారా అని అడిగినప్పుడల్లా నాయన కిందికి వంగి ఆ రాతిపొడి గుప్పెట్లోకి తీసుకుని, తేమ ఏమైనా తగులుతుందేమోనని వేళ్ళతో నలిపి చూసేవాడు. 850 దగ్గర ఆపించేశాడు. అడుగుకింతని లెక్కగట్టి డబ్బులిచ్చాక, బండి మీద పనిచేసిన పిల్లలకని అంగడి నుంచి కూల్ డ్రింకులు తెప్పించాం, నేనూ ఒకటి తాగాను. నాయన మాత్రం చెంబులో నీళ్ళు తాగి పడుకున్నాడు.

బెంగళూరు బస్సులో వస్తూ ఫోన్లో ప్లాచిమడ గురించి చదివాను. కేరళ పాలక్కాడ్ జిల్లాలో ఊరది. 2000లో అక్కడ కోకా కోలా ఫ్యాక్టరీ మొదలైంది, కొద్ది నెలలకే చుట్టుపక్కల బావుల్లో నీళ్ళు అడుగంటాయి, ఉన్న నీళ్ళు వంటకు పనికిరాకుండా పోయాయి, ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని దూరం నడవాల్సి వచ్చిందని ఊరివాళ్ళు చెప్పారు. తమ వల్ల కాదని కంపెనీ వాదించింది. 2002 ఏప్రిల్‌లో మయిలమ్మ అనే ఆదివాసీ మహిళ ముందుండగా ఫ్యాక్టరీ గేటు ఎదుట దీక్ష మొదలుపెట్టారు. ఆ ఊరున్న పెరుమట్టి పంచాయతీ ఫ్యాక్టరీ లైసెన్సు పొడిగించనంది. 2004 మార్చిలో ఫ్యాక్టరీ ఆగింది, మళ్ళీ తెరవలేదు. మరుసటేడు హైకోర్టు బెంచి రోజుకు 5 లక్షల లీటర్ల దాకా తోడుకోవచ్చని చెప్పినా తెరవలేదు. కేరళ ప్రభుత్వం వేసిన కమిటీ 2010లో ఫ్యాక్టరీ వల్ల జరిగిన నష్టం 216 కోట్లని తేల్చింది.

రోజుకు 5 లక్షల లీటర్లు. రాతిపొడిలో తేమ వెతుకుతున్న మనిషిని ఒకరోజు ముందే చూసి వచ్చాను కాబట్టి ఆ అంకె నాకు ఉత్త అంకెలా అనిపించలేదు. మా ఊరి బోర్లు ఎండడానికి ఆ ఫ్యాక్టరీలు కారణమని నేననడం లేదు, మా దగ్గర వాన లేదు, ఉన్న నీళ్ళను మేమే పోటీపడి తోడుకున్నాం. కానీ నీళ్ళకు ఇంత కరువున్న ఇంట్లో పుట్టి, దాహం కూడా తీర్చని దానికోసం ఇంకో ఊరి బావిని తాగుతున్నానే అనిపించింది, ఆ తర్వాత చెయ్యి పోలేదు. చక్కెర లేని రకంలోనూ నీళ్ళు నీళ్ళే కదా. చెరువులు బాగుచేయిస్తున్నాం, వాడినంత నీరు తిరిగి ఇస్తున్నాం అని కంపెనీలు చెప్పేది కూడా చదివాను. ఎక్కడో వేరే జిల్లాలో చెరువు పూడిక తీయిస్తే ఈ ఊరి బావిలోకి నీళ్ళు రావు, నాకది సమాధానంలా కనిపించలేదు. చక్కెర వెనక ఉన్న చెరకు కథ ఇంకోటి. చెరకు ఎంత నీళ్ళు తాగే పంటో రైతులకు తెలుసు, ఆ చెరకు నరికే మహారాష్ట్ర బీడ్ జిల్లా ఆడవాళ్ళు నెలసరి వల్ల పని పోతుందనే భయంతో గర్భసంచులు తీయించుకున్నారని 2019లోనే వార్తలొచ్చాయి.

ఇక మానడం సంగతి. మొదటి కొన్ని రోజులు తలనొప్పి రావచ్చు, అది కోలాలో ఉండే కెఫీన్ తగ్గడం వల్ల, జబ్బు కాదు, భయపడి మళ్ళీ సీసా ఎత్తకండి. నాకు అసలు కావలసింది తీపి కాదు, గొంతులో ఆ గ్యాస్ మంట అని రెండో వారంలో తెలిసింది. మామూలు సోడాలో నిమ్మకాయ పిండి, ఉప్పు వేసుకుంటే సరిపోయింది. మా వైపు నన్నారి (సుగంధి వేళ్ళ షర్బత్) దొరుకుతుంది, కానీ అది కూడా చక్కెర పాకమే, కాబట్టి ఎప్పుడో ఒకసారి, పలచగా. బిర్యానీకి మజ్జిగ. రాత్రి రెండింటికి మాత్రం ఏదీ కుదరలేదు, బ్రేక్‌లో కూల్ డ్రింక్ మెషీన్ ఉన్న అంతస్తుకు వెళ్ళడమే మానేశాను. ఏడాదికి ఆ 6.2 కాస్తా 5.6 అయింది, దాంతోపాటు నడక కూడా మొదలుపెట్టాను కాబట్టి మొత్తం దీని వల్లే అనలేను.

అన్నిటికంటే కష్టమైంది చుట్టాల ఇళ్ళు. మా మేనత్త ఇంటికెళ్తే గడపలో కాలు పెట్టకముందే మనవడి చేతిలో యాభై రూపాయలు పెట్టి అంగడికి పంపింది. నాకొద్దంటే ముఖం చిన్నబోయింది. "మజ్జిగ ఇచ్చి పంపినామంటే మీ అమ్మ ఏమనుకుంటుంది అబ్బీ" అంది. అక్కడ ప్లాచిమడ చెప్తే ఏం బాగుంటుంది? "అత్తా, డాక్టరమ్మ వద్దంది, నీ చేతి మజ్జిగ తాగి ఎన్నాళ్ళయింది" అన్నాను. రెండూ నిజమే. కుండలోంచి తీసి, కరివేపాకు నలిపి, ఉప్పు వేసి ఇచ్చింది, రెండో గ్లాసు నేనే అడిగాను. తర్వాత కూర్చుని నాయన బోరు గురించి మాట్లాడుకున్నప్పుడు అసలు కారణం చెప్పాను, అప్పుడు తనకు అర్థమైంది. ఇప్పుడు నేను వస్తున్నానని ఫోన్ చేస్తే పొద్దున్నే చిలికి పెడుతుంది.

మీరు రోజులో ఏ టైంలో తాగుతారో, ఒక్కరే తాగుతారా, నలుగురితో కలిసా అన్నది రాయలేదు. అది చెప్తే ఆ టైంకి నేనేం చేశానో ఇంకొంచెం వివరంగా రాస్తాను.